వెనకే ఉండమన్నాడు వాళ్ల నాన్న

మా అమ్మాయి నవ్యని లోపలికి తీసుకెళ్లిపోయారు, ఇంక మాట అందదు. నంబరు చూసి, బూట్ల కింద మేకులు చూసి, ఫోన్లు తీసేసుకుని, మెట్ల కింద గదిలో ఎనిమిది మంది ఆడపిల్లల్ని వరసగా కుర్చీల్లో కూర్చోబెడతారు, దాన్ని కాల్ రూమ్ అంటారు, ఆ తలుపు దాటాక కన్నతల్లైనా కోచ్ అయినా బయటే, పిల్లలు మళ్లీ కనిపించేది ట్రాక్ మీదే. ఎనిమిది వందల మీటర్లు, అంటే ఈ ఎర్రటి ట్రాక్ చుట్టూ రెండంటే రెండు రౌండ్లు, ఇంట్లో చీపురు పట్టుకుని నేను అంతకంటే ఎక్కువే తిరుగుతాను, నన్నెవరూ కుర్చీలో కూర్చోబెట్టి పేరు పెట్టి పిలవరు. డిస్కస్ విసిరేవాళ్లది ఇంకా తెమల్లేదట, ఇంకో గంట పడుతుందని మైకులో చెప్పారు. గచ్చిబౌలి స్టేడియం మెట్లు నవంబరులో కూడా మధ్యాహ్నపు వేడిని కింద దాచిపెట్టుకుని కూర్చున్నవాళ్లకి కొంచెం కొంచెంగా వడ్డిస్తాయి, చున్నీ మడతపెట్టి దాని మీద కూర్చున్నాను, కళ్లు మూస్తే నిద్ర పట్టేస్తుంది, ఈ మధ్య ఎక్కడ కూర్చున్నా పట్టేస్తోంది. మొన్న కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కే దగ్గర బండ్లు ఆగిపోతే స్టీరింగ్ మీద తల వాల్చాను, వెనకవాడు హారన్ కొడితే కుక్కర్ అనుకుని రెండో విజిల్ కోసం ఎదురుచూశాను. రెండో విజిల్ కూడా కొట్టాడు పాపం, మూడోది మాత్రం బూతులు.

ఫోను కదిలింది. శివ, అంటే మా ఆయన శివశంకర్, కోకాపేటలో అద్దాల మేడ ఇరవయ్యో అంతస్తులోంచి పంపించాడు, ఏమిటయ్యా అంటే బొమ్మలు. పొడుగు గీతలు, పొట్టి గీతలు, పచ్చవి మా నవ్యవి, ఎర్రవి దాన్ని ఏడాదంతా ఓడిస్తున్న పింకీవి. ఈ ఏడాది ఇద్దరూ పరిగెత్తిన పరుగులన్నీ అందులో పడుకున్నాయి, ఆఫీసులో మనుషుల పనితనం కొలిచే పద్ధతిలోనే కొలిచాడు, ఎవరి వేగం ఎంత, సగటు ఎంత, మొదటి రౌండు ఎంత, రెండో రౌండు ఎంత. సీజన్ మొత్తంలో ఆయన స్వయంగా చూసింది రెండు పరుగులు, అందులో ఒకటి నా ఫోన్లో, అదీ మీటింగులో మ్యూట్ పెట్టుకుని. కింద ఒక ముక్క రాశాడు: సగటున మన నవ్యే బెటర్, చివర్లో మాత్రమే ఓడిపోతోంది, కాబట్టి ఈసారి ముందుకి వెళ్లకుండా వెనకే ఉండాలి. సగటుకి పతకం ఇచ్చే దేశం ఏదైనా ఉంటే మా ఇంటి గోడలకి మేకులు చాలవు. నేను ప్రొద్దుటూరులో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదివానని ఆయనకి పెళ్లిచూపుల్లో చెప్పారు, తర్వాత ఎవరూ గుర్తుచేయలేదు, నేను కూడా. గీతలు బాగున్నాయి. ఆ పచ్చరంగు మా పరదాలకి పనికొస్తుంది.

వెనకే ఉండాలి. పొద్దున ఇడ్లీ తింటున్న పిల్లకి చెప్పాడు, నిన్న రాత్రి కూడా చెప్పాడు, కోచ్‌కి ఫోన్ చేసి చెప్పాడు, కోచ్ కూడా సరే ట్రై చేద్దాం సార్ అన్నాడు, ఫోన్లో సార్ అంటే ఎవరు కాదంటారు. నవ్య తలూపింది. అది తలూపే తీరు నాకు తెలుసు, వాళ్ల నాన్న ఇంకొక్క మాట చెప్పకుండా ఆపడానికి ఊపే ఊపు అది, కానీ ఇవాళ అట్లా లేదు, నిజంగానే ఊపింది. ఎందుకంటే ఇవాళ్టి దాని మీద ఒప్పందం ఉంది. జాతీయ పోటీలకి పంపాలంటే ఫలానా టైములోపు రావాలని ఒక గీత గీసిపెట్టారు, దాన్ని వీళ్లంతా మార్క్ అంటారు, ఆ మార్క్ లోపల మొదటి ఇద్దరు వస్తే ఇద్దర్నీ పంపిస్తారు, రాకపోతే మొదట వచ్చినా పతకం మెడలో వేసుకుని ఇంటికే. ఇప్పటిదాకా ఇద్దరికీ అది వెంట్రుకవాసిలో తప్పిపోతూనే ఉంది. ఇవాళ మార్క్ వస్తే పరుగు ఉంటుంది. రాకపోతే సోమవారం నుంచి మణికొండలో మా వెనక వీధి కోచింగ్‌లో సాయంత్రం బ్యాచి, ఇంటర్ రెండో ఏడాది కదా, మేకుల బూట్లు అటక మీదకి. శివ అన్నాడు, నవ్య సరేనంది, నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. సోమవారం అన్న మాట నా చెవికి తియ్యగా తగిలింది, అది మాత్రం తెలుసు. సోమవారం తెల్లారాక లేవచ్చు. చీకట్లో నానబెట్టిన బాదం పొట్టు తీయక్కర్లేదు, కారు అద్దం మీద మంచు తుడవక్కర్లేదు, ఇక్కడికొచ్చి ఈ మెట్ల మీద ఆవలిస్తూ ఎవరి పిల్ల ఎంత బాగా పరిగెత్తుతోందో చూసి కడుపు మండించుకోనక్కర్లేదు.

కడుపు మండటం అంటే మొదట్లో. జూన్‌లో మొదటి పరుగు, సన్నగా చినుకులు, ట్రాక్ మీద నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి, నవ్య తుపాకీ పేలగానే ముందుకి ఉరికింది, మొదటి రౌండంతా అదే ముందు, రెండో రౌండు మలుపు దాకా అదే ముందు, నా పక్కన ఎవరో మీ అమ్మాయేనా అండీ అని కూడా అడిగారు, ఔనండీ అని చెప్పేలోపు మలుపు లోంచి ఒక పొట్టి పిల్ల, నూనె పెట్టి బిగించి రెండు జడలు వేసుకున్న పిల్ల, కిరాయి కోసం ఒకటో తారీఖున ఇంటి ఓనరు వచ్చినట్టు తాపీగా వచ్చి దాటుకుని పోయింది. అదీ పింకీ. ఆ పిల్ల వెనకే ఉంటుంది ఎప్పుడూ, మా పిల్ల నీడలోనే పరిగెత్తుతుంది, ఎదురుగాలంతా మా పిల్ల మొహానికి, పతకం ఆ పిల్ల మెడకి. తర్వాత కరీంనగర్‌లో అదే, నల్లగొండలో అదే, వేరే రంగు బనియన్లలో అదే సినిమా. నల్లగొండ నుంచి వస్తుంటే నవ్య కారులో ఏడవలేదు, కిటికీ దించి చేయి బయటపెట్టి గాలిని పట్టుకుంటూ కూర్చుంది, గాలి ఎంత బరువుంటుందో తెలుసా అమ్మా అంది. తెలుసు అన్నాను. పంతొమ్మిదేళ్ల కాపురంలో ముందు నడిచేదెవరో, గాలి ఎవరికి తగులుతుందో, ఎవరి చొక్కా నలగకుండా ఉంటుందో నాకు కాక ఎవరికి తెలుస్తుంది, కానీ కారు నడుపుతూ అవన్నీ చెప్పలేం కదా, టోల్‌గేట్ వచ్చింది.

"ఏంది సంధ్యా, కూసునే నిద్రపోతున్నవా?"

సీతక్క. పింకీ వాళ్లమ్మ, సీతాబాయి, కోకాపేట ఊరావిడే, అద్దాల మేడలు రాకముందు నుంచీ అక్కడ ఉన్నావిడ, ఇప్పుడు ఆ మేడల్లోవాళ్లకి కర్రీ పాయింట్ పెట్టి సాయంత్రాలు పప్పు, పులుసు, వేపుడు కవర్లలో కట్టి అమ్ముతుంది. మా ఆయన వారానికి మూడుసార్లు అక్కడే కొంటాడని, కొన్నది నా వంటే అన్నట్టు ఆఫీసులో తింటాడని మాకిద్దరికీ తెలుసు, మాకు తెలుసని ఆయనకి తెలియదు. జూన్‌లో ఆవిడ మొహం చూడ్డానికి కూడా మనసొప్పలేదు నాకు. జూలైలో జల్లు వస్తే తన గొడుగులోకి లాక్కుంది. ఆగస్టులో పింకీ నంబరు కాగితం పట్టుకుని పరేషాన్‌గా తిరుగుతుంటే నా మంగళసూత్రానికి వేలాడే పిన్నీసులు తీసి ఇచ్చాను, అప్పట్నుంచి ఇద్దరు పిల్లలకీ పిన్నీసుల డిపార్ట్‌మెంట్ నాది, తిండి డిపార్ట్‌మెంట్ ఆవిడది. ఇవాళ కూడా ఇద్దరికీ నేనే నంబర్లు గుచ్చి పంపాను, ముందొకటి, వెనకొకటి. పింకీ వీపు మీద గుచ్చుతున్నప్పుడు ఆ పిల్ల ఎముకలు నవ్య ఎముకల్లాగే తగిలాయి చేతికి.

"సర్వపిండి తెచ్చిన, తిను," అంది డబ్బా తెరిచి. "మొగం సూడు, పీక్కపోయింది. ఇయ్యాల అయిపోతది తియ్యి. ఇద్దరికీ మార్క్ వస్తది, ఇద్దరు కల్సి రైలెక్కుతరు, మనం గూడ ఇంట్ల కాళ్లు సాపుకొని పంటం."

"వస్తాదంటావా అక్కా?"

"ఎందుకు రాదు? నవ్య గుంజుతది, మాది ఎనక పోతది. దానికి గడియారం సూపిచ్చినా సమజ్ కాదు సంధ్యా, నవ్య యీపు సూస్కుంట ఉర్కుతది, గంతే. ఆ యీపు ముంగట లేకుంటే మాది మేకలు కాసినట్టు ఉర్కుతది."

సర్వపిండిలో పల్లీ పంటికింద పడింది. నమలడం ఆగిపోయింది. సెప్టెంబరులో ప్రొద్దుటూరులో మా చిన్నాన్న కొడుకు పెళ్లి, నవ్య ఒక పరుగు మానేసింది, ఆ రోజు పింకీ ఎవరో ఖమ్మం పిల్ల వెనక పడి రెండోది వచ్చింది, టైము చూసి వాళ్ల కోచ్ మొహం తిప్పుకున్నాడట. అక్టోబరులో పింకీకి జ్వరం, నవ్య ఒక్కతే ముందు, వెనక ఎవరూ లేరు, అల్లంత దూరంతో గెలిచింది, టైము చూస్తే స్కూటీ మీద పాలకి వెళ్లొచ్చినట్టుంది. శివ గీతల్లో ఆ రోజు మాత్రం పచ్చగీత మీద ఒక కిరీటం బొమ్మ ఉంది. ఫోను మళ్లీ తెరిచాను, వేళ్లకి పిండి అంటుకుంది, పెద్దది చేసి చూశాను. పచ్చగీత పొట్టిగా ఉన్న రోజునే ఎర్రగీతా పొట్టిగా ఉంది, అంటే ఇది వేగంగా పరిగెత్తిన రోజునే అదీ వేగంగా పరిగెత్తింది, అన్నీ ఇద్దరూ కలిసి పరిగెత్తిన రోజులే, నవ్య ముందు, పింకీ వెనక. వాళ్లు విడివిడిగా ఉన్న రోజున ఇద్దరూ మామూలు పిల్లలు. ఈయన ఇద్దర్నీ విడదీసి రెండు రంగులు వేసి రెండు సీజన్లని పోల్చాడు. అక్కడున్నది ఒక్కటే సీజను, ఇద్దరు పిల్లలు కలిసి లాగింది. ఇందులో మా పిల్లని ఇవాళ వెనక్కి జరగమన్నాడు. పింకీ ఎట్లాగూ వెనకే ఉంటుంది. ఇద్దరూ వెనకే ఉంటే ముందు ఎవరుంటారు? మిగతా ఆరుగురికీ ఈ ఇద్దరి వెనక పరిగెత్తడమే అలవాటు. పెళ్లిభోజనాల్లో మొదటి బంతికి మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని అందరూ నిలబడ్డట్టు, మొదటి రౌండు అయ్యేసరికి మార్క్ చల్లారిపోతుంది.

చెప్పాలి. ఎవరికి? నవ్య ఆ తలుపు వెనక ఉంది. కోచ్ గేటు అవతల ఇంకో పిల్లకి కాళ్లు పడుతున్నాడు, అతన్నీ లోపలికి రానివ్వరు. సీతక్కకి చెప్పొచ్చు, మా నవ్య ఇవాళ గుంజదు అక్కా, వాళ్ల నాన్న వద్దన్నాడు అని, కానీ ఆవిడ మాత్రం పింకీకి ఎట్లా చెప్తుంది, ఊరికే ఆవిడ సర్వపిండి కూడా నోట్లో ఆగిపోవడం తప్ప. ఇంకా ఒక మాట ఉంది, అది అన్నిటికంటే అడుగున ఉంది, గిన్నె అడుగు మాడినట్టు. నేనేమీ చేయకుండా ఇక్కడే కూర్చుంటే చాలు. నేను చెడగొట్టలేదు, పథకం వాళ్ల నాన్నది, తలూపింది అది, తలుపు మూసింది వేరేవాళ్లు. నేను ఊరికే కూర్చుంటే సోమవారం దానంతటదే వస్తుంది, వెలుతురుతో సహా. దుప్పటి గుర్తొచ్చింది, కిటికీ వైపు తిరిగి పడుకోవడం గుర్తొచ్చింది, వంటింట్లో ఎవరూ లేని నిశ్శబ్దం గుర్తొచ్చింది, ఎంత హాయిగా ఉందంటే కాసేపు నిజంగానే కూర్చున్నాను. డిస్కస్ ఒకటి గాల్లో తిరుగుతూ వెళ్లి గడ్డిలో పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నాకేమో నల్లగొండ రోడ్డు మీద కిటికీలోంచి బయటికి చాపిన చేయి కనిపించింది, వేళ్లు విడదీసి, గాలిని తూచుతూ.

లేచాను. "యాడికి?" అంది సీతక్క. "బాత్రూముకి," అన్నాను. మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసింది, పరిగెత్తేది అది, మోకాళ్లు నావి. కాల్ రూమ్ గుమ్మం దగ్గర మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది, మా నవ్య కంటే రెండేళ్లు పెద్దదేమో, అంత చిన్న మొహంలో అంత కచ్చితం ఎట్లా పడుతుందో. మా అమ్మాయికి ఒక్క మాట చెప్పాలమ్మా అన్నాను. కుదరదాంటీ. నేను చెప్పను, నువ్వే చెప్పు, రెండే ముక్కలు. కుదరదాంటీ, రూల్. అప్పుడు నా చెయ్యి మెడ మీదకి వెళ్లింది, గొలుసుకి మిగిలిన పిన్నీసులన్నీ ఊడదీశాను.

"నంబరు ఊడిపోతోంది తల్లీ, సరిగ్గా గుచ్చలేదు నేను. ఇవి ఇచ్చేసి వస్తా."

"ఇవ్వండి, నేనిస్తా."

"నేనైతే గట్టిగా..."

"పిన్నులు లోపలికి వెళ్తాయాంటీ, మీరు వెళ్లరు."

తీసుకుంది, లోపలికి వెళ్లింది, తలుపు సందులోంచి నవ్య కనిపించింది, కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపుతోంది, పక్కనే పింకీ, ఇద్దరూ ఏదో చూసి నవ్వుకుంటున్నారు, బహుశా ఎదురుగా కూర్చున్నవాళ్ల మేజోళ్లు. నవ్య పిన్నీసులు చేతిలో పట్టుకుని, వీపు తడుముకుని, నంబరు బాగానే ఉందని చూసుకుని, మా అమ్మ ఇంతే అన్నట్టు పింకీ వైపు చూసి భుజాలెగరేసింది. నేను గుమ్మంలోంచే చేత్తో సైగ చేశాను, ముందుకి, ముందుకి అని, వంటింట్లో పిల్లిని తోలుతున్నట్టుంది నాకే. అది చూసిందో లేదో. తలుపు పడింది. పిన్నీసులు వెళ్లాయి, మాట బయటే ఉండిపోయింది. మళ్లీ మెట్లెక్కుతుంటే నాకు అనిపించింది ఏమిటంటే, నేను ఓడిపోయాను, నాకు దుఃఖంగా ఉంది, అంటే నాకు సోమవారం వద్దు. ఇంత అలసటలో ఈ కొత్త సంగతి ఒకటి.

ట్రాక్ మీదకి తెచ్చారు. ఎండ మేడల వెనక్కి వెళ్లిపోయింది, పొడుగు నీడ ఒకటి ట్రాక్‌లో సగం మీద పడి ఉంది. తుపాకీ పేలింది. వంద మీటర్లు ఎవరి గీతలో వాళ్లు, తర్వాత అందరూ లోపలికి జరిగారు, జరిగి, ఆగారు. ఆగారంటే పరిగెత్తుతూనే ఆగారు. నవ్య మూడోది, పింకీ దాని భుజం పక్కన, ముందు ఎవరో పచ్చ బనియన్ పిల్ల, తనకి ముందు ఎవరూ లేరని తెలిసి బెదిరి వెనక్కి వెనక్కి చూస్తోంది.

"ఏంది సంధ్యా, నవ్య పోతలేదేంది? కాలుకేమన్న అయిందా?"

"కాలు బానే ఉందక్కా. వెనకే ఉండమన్నాడు వాళ్ల నాన్న."

సీతక్క నా మొహం వైపు తిరిగింది, ట్రాక్ వైపు తిరిగింది. "మీ ఆయనకి మా కర్రీ పాయింట్‌ల రేపట్నుంచి కూర బంద్," అంది, నవ్వకుండా. తర్వాత మెల్లగా, "మాది గూడ మార్క్ పాయె," అంది. ఆ మాట నా ఒళ్లో పడింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గుంపు మా ముందు నుంచి వెళ్లింది, అందరి కాళ్లూ ఒకటే చప్పుడు, నవ్య మొహం చూశాను, దాని కళ్లు ముందున్న పిల్లని కాదు, ఖాళీగా ఉన్న ట్రాక్‌ని చూస్తున్నాయి. గంట కొట్టారు, ఒక రౌండే మిగిలింది. కోచ్ గడియారం చూసుకుని చెయ్యి దించేశాడు.

అప్పుడు వెళ్లింది నవ్య. రెండో రౌండు మొదటి మలుపు దగ్గర పచ్చ బనియన్‌ని పక్కకి తోసినట్టే వెళ్లింది, వాళ్ల నాన్న మాటలూ, గీతలూ, తలూపడాలూ అన్నీ ఆ మలుపులో వదిలేసి గాల్లోకి వెళ్లిపోయింది, పింకీ వెంటనే వెనక అతుక్కుంది, మిగతావాళ్లు పాతబడిపోయారు. నేను లేచి నిలబడ్డాను, సీతక్క కూడా, ఆవిడ చెయ్యి నా మోచేతిని పట్టుకుని ఉంది, ఎవరి పిల్ల కోసం పట్టుకుందో ఆవిడకీ తెలియదు. చివరి మలుపు. ఇంటి ఓనరు వచ్చే మలుపు. పింకీ వచ్చింది, పక్కకి వచ్చింది, భుజానికి భుజం, జడలు ఎగురుతున్నాయి, నవ్య ఇవ్వలేదు. ఈసారి ఇవ్వలేదు. మొదటి రౌండు దాచుకున్నది కాళ్లలో ఉంది కదా మరి, ఒక్క భుజం ముందు, గీత దాటింది.

బోర్డు మీద పేర్లు వెలిగాయి. నవ్య ఒకటి, పింకీ రెండు, పక్కన టైములు. ఇద్దరివీ మార్క్‌కి బయటే. కొంచెం బయట కాదు, కోకాపేటకి బయల్దేరి పటాన్‌చెరు చేరినంత బయట. ఏడాదంతా ఓడిపోయి మంచి టైములు తెచ్చుకున్న పిల్ల, గెలిచిన రోజున తెచ్చుకోలేదు. శివ సంతోషిస్తాడు, పచ్చగీత మీద ఇంకో కిరీటం.

పిల్లలిద్దరూ మెట్ల కింద కంచె దగ్గరకి వచ్చారు, గడ్డి మీద కూలబడ్డారు. ఊపిరి ఇంకా సర్దుకోలేదు. నవ్య బూట్ల తాళ్లు విప్పుతోంది, తల ఎత్తలేదు.

"గెలిచానమ్మా."

"చూశాను."

"రేపట్నుంచి లేపకు."

ఆ మాట కోసమే కదా ఇన్నాళ్లు చూశాను. ఇప్పుడు చెవికి తియ్యగా తగల్లేదు. సీతక్క కంచె మీద నుంచి ఇద్దరికీ నీళ్ల సీసాలు అందించింది. పింకీ సగం తాగి, మిగిలింది నెత్తి మీద పోసుకుని, "ఓ నవ్యా," అంది. "వచ్చే ఆదివారం హన్మకొండల ఒక మీట్ ఉన్నదంట, మా సార్ చెప్పిండు. గదే ఆఖరుది, అండ్ల వచ్చినా మార్క్ లెక్కకొస్తదంట. ఫస్ట్ రౌండ్ నేను గుంజుత."

"నీకు ముందు పరిగెత్తడం రాదు."

"నువ్వున్నవ్ గద ఎనక. లేట్ అయితుంటే ఎనకకెల్లి గట్టిగ ఒర్రు."

నవ్య తాళ్లు విప్పడం ఆపింది. "గాలి ఉంటుంది ముందు," అంది. "చచ్చిపోతావు."

"సస్తనో లేదో సూద్దాం పా."

"గంట కొట్టేదాకా లాగగలవా? మధ్యలో వదిలేస్తే నేను ఊరుకోను."

ఎడమ బూటు తాడు మళ్లీ బిగించుకుంది, ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా. నా ఫోను మోగింది. శివ. వెనకాల మీటింగు గోల, ఎవరో అమెరికావాడు నవ్వుతున్నాడు.

"ఏమైంది, గెల్చిందా?"

"గెలిచింది. పింకీ మీద."

"చూసినావా? నేను చెప్పలా వెనకే ఉండమని? డేటా అబద్ధం చెప్పదు మే. మార్క్ వచ్చిందా?"

ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు, నవ్య, పింకీ, సర్వపిండి డబ్బా మూత పెడుతూ సీతక్క. నాకు నిలబడే ఓపిక లేదు, మెట్టు మీద కూర్చున్నాను.

"మార్క్ ఇయ్యాల కాదంట," అన్నాను. "వచ్చే ఆదివారం హన్మకొండలో ఇస్తారంట. చీకట్లోనే బయల్దేరాల. నలుగురం వస్తాం, కారు నువ్వు నడుపు."